కొత్త విమాన మార్గం మా ఇళ్ల మీదుగా వేశారు. సగటు శబ్దం పరిమితిలోనే ఉందంటే ఏమని బదులివ్వాలి?

ప్రశ్న: నివాసుల సంఘం సభ్యురాలు

అందరికీ నమస్కారం. మేముండే ప్రాంతం విమానాశ్రయానికి మరీ దూరమేమీ కాదు. అయినా ఇంతకాలం విమానాలు విశాలమైన ఆకాశంలో చెదిరి వెళ్లేవి కనుక, ఏ ఒక్క వీధికీ భరించలేనంత రొద ఉండేది కాదు. ఉపగ్రహాల సాయంతో నడిచే కొత్త మార్గాలు వచ్చాక, దిగే విమానాలన్నీ గీత గీసినట్టు ఒకే వరుసలో మా కప్పుల మీదుగా వస్తున్నాయి. తెల్లవారకముందే మొదలయ్యే ఈ మోతకు పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు, రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చినవారికి పగటి నిద్ర కరువైంది, కిటికీ తెరిచి మాట్లాడుకునేవారు విమానం వచ్చిన ప్రతిసారీ మాట ఆపేయవలసి వస్తోంది.

మార్గం మార్చే ముందు మమ్మల్ని ఎవరూ సంప్రదించలేదు. సంఘం తరఫున రాసిన ఫిర్యాదుకు, విమానాల సంఖ్య పెరగలేదనీ, సగటు శబ్దస్థాయి అనుమతించిన పరిమితిలోనే ఉందనీ రెండు వాక్యాల జవాబు వచ్చింది. విమానాశ్రయం ఉందని తెలిసే కదా అక్కడ ఇల్లు కొన్నారు అని తోసిపుచ్చేవారూ ఉన్నారు.

మాలోనూ ఏకాభిప్రాయం కుదరలేదు. పాత మార్గాన్నే పునరుద్ధరించమని కొందరు, జనం పలచగా ఉన్న వైపుకు జరపమని మరికొందరు, రాత్రివేళ రాకపోకలు ఆపితే చాలని ఇంకొందరు అంటున్నారు. ఆ సగటు మాటకు ఏమని బదులివ్వాలో, మేం కోరగలిగినవి ఏవో, అందులో ఆలస్యం చేయకూడనిది ఏదో తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం 1: శబ్ద కొలతల రంగంలో పనిచేసే ఇంజనీరు

మీకు వచ్చిన జవాబు లెక్క ప్రకారం తప్పు కాకపోవచ్చు, అయితే మీ ఫిర్యాదులోని విషయాన్ని ఆ లెక్క కొలవనే లేదు. డెసిబెల్ సంవర్గమాన కొలత (లాగరిథమిక్, అంటే శబ్దశక్తి రెట్లలో పెరిగినా అంకె కొద్దిగానే పెరిగేది) కావడం వల్ల, ఒకే రకం విమానాలు ఒక ఇంటి మీదుగా రోజుకు 100 వెళ్లే చోట 200 వెళ్లినా సగటు 3 డెసిబెళ్లే పెరుగుతుంది. చెవికి మోత రెట్టింపైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెళ్ల తేడా ఉండాలి కనుక, కాగితం మీద ఆ 3 ఎవరికీ పెద్దగా కనిపించదు. కానీ ఆ ఇంట్లో ఉండేవారికి రోజులో అంతరాయాలు సరిగ్గా రెండింతలైనట్టే. పైగా ఇలాంటి సగటును చాలాచోట్ల ఏడాది మొత్తానికి కడతారు. గాలి అటు తిరిగి, విమానాలు రన్‌వే రెండో కొస నుంచి దిగే ప్రశాంతమైన రోజులు కూడా అందులో కలిసిపోతాయి. రోజంతా ఎడతెగకుండా విమానాలు దిగిన నాటి బాధను ఆ ప్రశాంతమైన రోజులు పలచన చేస్తాయి.

కాబట్టి మీరు అడగవలసిన మొదటి ప్రశ్న, ఏ సగటు అని. ఐరోపాలో వాడే పగలు-సాయంత్రం-రాత్రి సూచికలో సాయంత్రపు శబ్దానికి 5, రాత్రి శబ్దానికి 10 డెసిబెళ్లు అదనంగా కలుపుతారు. అంటే ఆ లెక్కలో ఒక రాత్రి విమానం పది పగటి విమానాలతో సమానమవుతుంది. అలాంటి అదనమేదీ లేని సగటును మీకు చూపించి ఉంటే, తెల్లవారుజాము విమానాల భారం అందులో కనిపించదు. రెండో ప్రశ్న, ఆ అంకె మీ ప్రాంతంలో మైక్రోఫోన్ పెట్టి కొలిచినదా, లేక కంప్యూటర్ నమూనా లెక్కగట్టినదా అని. ప్రణాళికకు నమూనాలు అవసరమే. అయితే అందులో పాత మార్గాన్ని ఉంచారా, కొత్త మార్గాన్ని ఉంచారా అన్నది తేలకుండా ఆ అంకెను ఒప్పుకోకండి.

ఇదే సమస్య సిడ్నీలో బయటపడింది. 1994లో అక్కడ మూడో రన్‌వే మొదలైనప్పుడు, సగటు ఆధారంగా గీసిన పటాల్లో శబ్దవలయానికి బయట ఉన్నామని నమ్మినవారు తమ తలల మీదుగా వరుసగా వెళ్లే విమానాలను చూసి నిర్ఘాంతపోయారు. ఆ వివాదం తరువాత ఆస్ట్రేలియా అధికారులు సామాన్యుడికి అర్థమయ్యే కొలతను ప్రచారంలోకి తెచ్చారు: ఒక చోట రోజుకు ఎన్ని విమానాలు 70 డెసిబెళ్లను మించి వినిపిస్తున్నాయన్న లెక్క అది. 70నే ఎంచుకోవడానికి కారణం ఉంది. కిటికీలు తెరిచి ఉన్న ఇంట్లోకి వచ్చేసరికి అది దాదాపు 60 అవుతుంది, మామూలు సంభాషణకు ఆటంకం కలిగేది ఆ స్థాయిలోనే. మీ వీధికి ఈ లెక్కను గంటలవారీగా, మార్పుకు ముందూ తరువాతా విడివిడిగా ఇవ్వమని అడగండి. నిద్రలోంచి లేపేది ఒక్కో విమానపు గరిష్ఠ శబ్దమే కాబట్టి, రాత్రివేళకు ఆ గరిష్ఠాలను కూడా అడగండి.

పరిమితి అనే మాటను కూడా పరీక్షించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా ప్రాంతానికి ఇచ్చిన మార్గదర్శకాలలో విమాన శబ్దం పగలు-సాయంత్రం-రాత్రి సూచికలో 45 డెసిబెళ్లకు, రాత్రి సగటు 40 డెసిబెళ్లకు లోపు ఉండాలని గట్టిగా సిఫారసు చేసింది. అమెరికాలో పగలు-రాత్రి సగటుకు ప్రమాణంగా చూసే అంకె 65. ఈ సూచికలు అచ్చంగా ఒకటి కావు, ఆరోగ్య సంస్థ చెప్పినది చట్టమూ కాదు. అయినా, ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పిన హద్దుకూ పరిపాలన కోసం పెట్టుకున్న హద్దుకూ మధ్య ఎంత ఎడముందో చూపడానికి ఈ రెండు అంకెలు చాలు.

సమాధానం 2: పరిపాలనా వ్యవహారాలు చూసే న్యాయవాది

ఇంజనీరు గారు చెప్పిన కొలతలు అవసరమే. అయితే అవన్నీ చేతికి వచ్చాక కదులుదామనుకుంటే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. మీ దేశంలో ఇలాంటి ఉత్తర్వును సవాలు చేయడానికి ఎంత గడువుందో, అది ఏ తేదీ నుంచి మొదలవుతుందో ఈ వారంలోనే ఒక న్యాయవాదిని అడిగి తెలుసుకోండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒకే న్యాయస్థానం ఏడాది తిరగకుండా ఇచ్చిన రెండు తీర్పులు నా కళ్ల ముందున్నాయి. అమెరికాలోని ఫీనిక్స్‌లో 2014 సెప్టెంబరులో విమానయాన నియంత్రణ సంస్థ బయలుదేరే మార్గాలను మార్చి, పాత చారిత్రక వాడల మీదుగా విమానాలను పంపింది. అక్కడ గడువు 60 రోజులు. నగరమూ నివాసులూ ఆ గడువు దాటాకే కోర్టుకు వెళ్లారు. అయినా, సమస్యను పరిష్కరిస్తామని సంస్థే మాట ఇస్తూ వచ్చింది కాబట్టి ఆలస్యానికి సహేతుకమైన కారణం ఉందని వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు అంగీకరించింది. నగరపాలక సంస్థలో కింది స్థాయి ఉద్యోగులతో మాట్లాడినంత మాత్రాన నగరాన్ని సంప్రదించినట్టు కాదని 2017 ఆగస్టులో తేల్చి, ఆ మార్గాలను కొట్టివేసింది. 2018 మార్చిలో వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ వాసుల పిటిషన్‌ను మాత్రం అదే కోర్టు తిరస్కరించింది. గడువు 2013 నాటి నిర్ణయం నుంచే మొదలైందనీ, 2015లో రావడం ఆలస్యమనీ చెప్పి, రొద ఎంతన్న విషయంలోకి కోర్టు వెళ్లనే లేదు. జార్జ్‌టౌన్ వాసుల బాధ ఫీనిక్స్ వాసుల బాధ కన్నా తక్కువని నేను అనుకోను. వారిని ఓడించింది క్యాలెండరు. అధికారులతో మీరు జరిపే ప్రతి మాటకూ తేదీతో సహా రాతపూర్వక ఆధారం ఉంచుకోండి, చూస్తాం, పరిశీలిస్తాం అన్న హామీలనైతే మరీ జాగ్రత్తగా.

కోర్టు నుంచి ఏది ఆశించవచ్చో కూడా తెలుసుకోవాలి. లండన్‌లోని హీత్రో విమానాశ్రయంలో రాత్రి విమానాలపై నివాసులు వేసిన కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం విస్తృత ధర్మాసనం 2003లో, ఆర్థిక ప్రయోజనాలకూ నివాసుల ప్రశాంతతకూ మధ్య తూకం వేసే వెసులుబాటు ప్రభుత్వానికి ఉందంటూ, గృహజీవితపు హక్కు ఉల్లంఘన జరగలేదని చెప్పింది. తమ గోడు వినిపించుకోవడానికి దేశంలో సరైన మార్గం లేకపోవడాన్ని మాత్రం ఉల్లంఘనగా గుర్తించింది. రొద ఎక్కువన్న వాదన కన్నా, మమ్మల్ని అడగలేదు, ప్రభావాన్ని అంచనా వేయలేదు అన్న వాదన గట్టిగా నిలబడుతుందని ఈ తీర్పులు చదివిన నాకు అనిపిస్తుంది.

విమానాశ్రయం ఉందని తెలిసే కొన్నారు అనేవారికి ఒక్కటే జవాబు. మీరు ఇల్లు కొన్ననాడు తెలిసినది పాత మార్గాల పటం. మీ అభ్యంతరం ఆ పటాన్ని మార్చడం మీద.

సమాధానం 3: మరో మార్గం కింద నివసించే వ్యక్తి

జనం పలచగా ఉన్న వైపుకు జరపమని మీలో కొందరు అంటున్నారని చదివి బాధ కలిగింది. మా ఊరి మీదికి మార్గం వచ్చినది సరిగ్గా అలాంటి కోరిక వల్లనే. మేం తక్కువ మందిమి కాబట్టి మా పేరు ఏ నివేదికలోనూ లేదు, సమావేశానికి పిలుపూ రాలేదు. అంతకుముందు నిశ్శబ్దంగా ఉండే చోట రాత్రిపూట ఒక్క విమానం వెళ్లినా ఊరంతా లేస్తుంది. తక్కువ మందికి జరిగే అన్యాయం లెక్కల్లో చిన్నదిగా కనబడుతుంది గానీ, నిద్ర కోల్పోయిన మనిషికి అది చిన్నది కాదు. దయచేసి ఆ కోరికను మీ వినతిపత్రం నుంచి తీసివేయండి. తీసివేస్తే, రాత్రి విరామం కోసం మేమూ మీతో కలిసి సంతకం చేస్తాం. ఒక వాడను చూపి మరో వాడను తోసిపుచ్చే అవకాశం అప్పుడు అధికారులకు ఉండదు.

సమాధానం 4: విశ్రాంత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్

మూడో సమాధానం రాసినవారి మాటను నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. మీరు కోరగలిగినవాటిలో సాధ్యమైనవి ఏవో చెబుతాను.

దిగే విమానం చివరి దశలో సాధారణంగా 3 డిగ్రీల వాలుతో వస్తుంది. రన్‌వేకు 10 నాటికల్ మైళ్ల దూరంలో, అంటే సుమారు 18 కిలోమీటర్ల దగ్గర, అది దాదాపు 3,200 అడుగుల ఎత్తులో ఉంటుంది. వాలును 3.2 డిగ్రీలకు పెంచినా ఆ దూరంలో కలిసివచ్చేది 200 అడుగులే కాబట్టి, ఆ గీత కిందనే ఉన్న ఇళ్లకు ఎత్తు పెంచడం ద్వారా పెద్ద ఉపశమనం రాదు. అంతకన్నా దూరంలో ఉన్నవారికి మాత్రం, విమానాన్ని మెట్లు మెట్లుగా దింపి మధ్యలో ఇంజన్ల జోరు పెంచవలసిన స్థితి రాకుండా, ఎడతెగని అవరోహణతో తీసుకురావడం వల్ల నిజమైన తేడా వస్తుంది. మీరు ఏ భాగంలో ఉన్నారో ముందు తేల్చుకోండి.

కొత్త పద్ధతిలో విమానాలు ఒకే గీత మీద రావడం ఆ సాంకేతికతకు సహజమే, అయితే ఒక్క గీతే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. అదే పరికరాలతో రెండు మూడు గీతలు వేసి, రోజులనో పూటలనో పంచి వాడవచ్చు. హీత్రోలో పడమటి దిశగా రాకపోకలు సాగే రోజుల్లో దిగే రన్‌వేను మధ్యాహ్నం 3 గంటలకు మారుస్తారు. ఏ పూట తమకు విరామమో అక్కడివారికి ముందే తెలుస్తుంది. ఎప్పుడు ఆగుతుందో తెలిసిన మోత, తెలియని మోత కన్నా ఎంతో సహించదగినదని ఫిర్యాదులు విన్న అనుభవంతో చెబుతున్నాను. రన్‌వేకు ఎదురుగా వచ్చే చివరి సరళరేఖలోకి చేరాక మాత్రం గీతలు పంచడానికి చోటుండదు.

రాత్రి నిషేధం అసాధ్యమనేవారికి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌ను చూపండి. 2011లో కొత్త రన్‌వే ప్రారంభమైన నెలలోనే రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు షెడ్యూలు విమానాలను కోర్టు ఆపింది, మరుసటి ఏడాది లైప్‌జిగ్‌లోని ఫెడరల్ న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది. సిడ్నీలో రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు 1995 నాటి చట్టమే ఆంక్షలు విధిస్తోంది.

చిన్నదైనా ఫలితమిచ్చే కోరిక ఇంకొకటి ఉంది. ఎయిర్‌బస్ ఎ320 తరగతి పాత విమానాలు దిగేటప్పుడు వినిపించే కీచుమనే ఈల, రెక్కల అడుగున ఇంధన వ్యవస్థకు చెందిన గుండ్రని రంధ్రాల మీదుగా గాలి వీయడం వల్ల పుడుతుంది. వాటి ముందు చిన్న రేకు అమర్చితే ఆ ఈల తగ్గుతుంది. 2014 నుంచి కొత్త విమానాలకు దాన్ని అమర్చుతున్నారు. అమర్చని విమానాలకు ఎక్కువ రుసుము వేయమని మీ విమానాశ్రయాన్ని అడగవచ్చు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

అందరికీ కృతజ్ఞతలు. మార్గాన్ని మరో వైపుకు జరపమన్న కోరికను నిన్నటి సమావేశంలో తొలగించాం. పక్క మార్గం కింది ఊళ్ల వారికి లేఖ రాస్తున్నాం. గడువు విషయమై న్యాయవాదిని కలిశాం, ఇంకా సమయం మిగిలే ఉంది. గంటలవారీ లెక్కలు, రాత్రి విరామం, ముందే ప్రకటించిన వంతుల ప్రకారం మార్గాల పంపిణీ, ఈ మూడింటినీ వినతిపత్రంలో పెడుతున్నాం. మేం ఉన్నది చివరి సరళరేఖకు బయటే కాబట్టి వంతుల కోరిక మాకు పనికొస్తుంది. అధికారులు కొలతలకు ఒప్పుకునేలోగా మేమే సొంతంగా కొలిస్తే దానికి విలువ ఉంటుందా?

సమాధానం 1 రాసిన ఇంజనీరు

న్యాయస్థానంలో తుది సాక్ష్యంగా చెల్లకపోవచ్చు గానీ, అధికారిక యంత్రాన్ని మీ వీధికి రప్పించడానికి తప్పక పనికొస్తుంది. ఫోను యాప్‌లను నమ్ముకోవద్దు. క్రమాంకనం చేసిన (అంటే కొలత సరిగ్గా ఉందని సరిచూసిన) శబ్దమాపకాన్ని అద్దెకు తీసుకోండి. గోడకు దగ్గరగా పెడితే ప్రతిధ్వని వల్ల అంకె 3 డెసిబెళ్ల దాకా పెరిగి, మీ కొలతను కొట్టిపారేయడానికి అదే సాకవుతుంది. కాబట్టి డాబా మధ్యలో, పిట్టగోడకూ నీళ్ల ట్యాంకుకూ దూరంగా, స్టాండు మీద పెట్టండి. ఒక్కో విమానానికి గరిష్ఠ శబ్దాన్ని సమయంతో సహా నమోదు చేసి, విమానాల జాడ చూపే బహిరంగ వెబ్‌సైట్‌లో అదే సమయానికి ఉన్న విమానపు రకం, ఎత్తు పక్కనే రాయండి. గాలి దిశను కూడా రాయడం మరచిపోకండి. మీ బాధకు కారణం కొత్త మార్గమా, రుతువుతో మారే గాలా అని వారు తప్పకుండా అడుగుతారు.