వీఎం మార్చాక స్టాటిక్ ఐపీ ఇచ్చినా 169.254 వస్తోంది

రాత్రిడ్యూటీ:
బట్టల హోల్‌సేల్ కంపెనీలో ఐటీ అంటే నేనొక్కడినే. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు. మా బిల్లింగ్ సర్వర్ ఒక వీఎం, అంటే పెద్ద మెషీన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్. నిన్న రాత్రి దాన్ని వీఎంవేర్ వాళ్ల ఈఎస్ఎక్స్ఐ నుంచి ప్రాక్స్‌మాక్స్‌కి మార్చాను, రెండూ వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్లే. విండోస్ సర్వర్ 2016. ప్రాక్స్‌మాక్స్‌లో డిస్క్, నెట్‌వర్క్ పనిచేయడానికి వాడే వర్ట్ఐఓ డ్రైవర్లు ముందే ఎక్కించుకున్నా కాబట్టి బూట్ అయితే అయింది. నెట్‌వర్క్ దగ్గరే దెబ్బ పడింది. "ఈథర్నెట్ 2" అని కొత్త కార్డు వచ్చింది. దానికి పాత స్టాటిక్ ఐపీ (మారకుండా చేత్తో ఇచ్చేది) 192.168.10.20 కొడితే, ఈ అడ్రస్ ఇప్పుడు మెషీన్‌లో లేని ఇంకో అడాప్టర్‌కి ఉంది, అక్కడ తీసేయమంటారా అని అడిగింది. లేనిదాన్ని తీసేయడమేంటని నో కొట్టా. ఇప్పుడు ఐపీకాన్ఫిగ్ కమాండ్‌లో 169.254, అంటే సరైన ఐపీ దొరకనప్పుడు విండోస్ తనంతట తాను పెట్టుకునే నంబరు. రేపు తొమ్మిదింటికి కౌంటర్ తెరవాలి, టెన్షన్‌గా ఉంది.

పాతకేబుల్:
ఆ నో దగ్గరే దొరికిపోయారు. వీఎంవేర్ వాళ్ల వీఎంఎక్స్‌నెట్3 కార్డు పోయినా దాని సెట్టింగులు రిజిస్ట్రీలో అలాగే ఉంటాయి. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ, షో హిడెన్ డివైసెస్. వెలిసిపోయినట్టు కనిపించేది అదే, అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి. వాన్ మినీపోర్ట్ అని ఉన్నవాటి జోలికి మాత్రం పోకండి, అవి విండోస్ సొంతవి.

సబ్‌నెట్‌సుబ్బు:
ఆ లేని కార్డుని, అంటే గోస్ట్ అడాప్టర్‌ని, తీయాల్సిందే, కానీ 169.254కి కారణం అదేనంటే నేను నమ్మను. స్టాటిక్ ఇచ్చాక కూడా ఆ నంబరు వస్తోందంటే అదే ఐపీతో ఇంకెవరో పలుకుతున్నట్టుంది. ఐపీకాన్ఫిగ్ ఆల్‌లో మీ ఐపీ పక్కన డూప్లికేట్ అని ఉందా? ఇంకో సిస్టమ్ నుంచి పింగ్ చేసి ఏఆర్‌పీ టేబుల్ (ఏ ఐపీ ఏ కార్డుదో చూపే జాబితా) చూడండి. అందులో మ్యాక్, అంటే కార్డు సొంత నంబరు, 00-0సి-29తో గానీ 00-50-56తో గానీ మొదలైతే అది వీఎంవేర్ వైపుదే.

రాత్రిడ్యూటీ:
అబ్బా, 00-0సి-29! పాత వీఎం ఆన్‌లో ఉంది. నేను ఆపిన మాట నిజమే అన్నా, కానీ తర్వాత పాత హోస్ట్‌ని, అంటే వీఎంలు నడిచే మెషీన్‌ని, రీస్టార్ట్ చేశా. ఆ వీఎంకి ఆటోస్టార్ట్ ఉంది. ఎప్పుడో పెట్టింది కూడా నేనే. దాన్ని ఆపి, నెట్‌వర్క్ కార్డు కనెక్ట్ టిక్ కూడా తీసేశా. ఈథర్నెట్ 2ని డిసేబుల్ చేసి ఎనేబుల్ చేస్తే 10.20 వచ్చేసింది. హిడెన్‌లో రెండు కార్డులు దొరికాయి, ఒకటి ఈ1000 అనే పాత రకం కార్డు, ఏ కాలం నాటిదో! రెండూ తీసేశా. ఇంకో విండోస్, ఒక ఉబుంటు మార్చాలి. ముందే ఏం చూసుకోవాలి?

సబ్‌నెట్‌సుబ్బు:
విండోస్‌లో ఐపీ, మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్ ఉన్న స్క్రీన్‌ని ఫోటో తీసుకోండి. పాత హోస్ట్ మీద ఉండగానే కార్డుని డీహెచ్‌సీపీకి (ఐపీ దానంతటదే వచ్చే పద్ధతికి) మార్చి, వీఎంవేర్ టూల్స్ (వీఎంలో ఎక్కించే వీఎంవేర్ డ్రైవర్ల ప్యాకేజీ) అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఇటు వచ్చాక అది పోనని మొండికేస్తుంది. ఆ పని ఈఎస్ఎక్స్ఐలో వీఎం స్క్రీన్ చూపే కన్సోల్‌లోనే చేయండి. టూల్స్‌తో పాటు కార్డు డ్రైవర్ కూడా పోతుంది కాబట్టి రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉంటే మధ్యలో బయటపడతారు. ఉబుంటులో గొడవ వేరు, కార్డు పేరే మారిపోతుంది. అక్కడ ఈఎన్ఎస్192 ఉంటే ఇక్కడ మామూలుగా ఈఎన్ఎస్18 అవుతుంది. నెట్‌వర్క్ సెట్టింగులు ఉండే నెట్‌ప్లాన్ ఫైల్లో పాత పేరు ఉంటే ఐపీ రాదు.

రాత్రిడ్యూటీ:
ఫోటో మాట ముందే చెప్పాల్సింది అన్నా. డీఎన్‌ఎస్ నంబరు గుర్తురాక రాత్రి ఒంటిగంటకి అకౌంట్స్ వాళ్ల పీసీ ఆన్ చేసి రాసుకున్నా.