టంకానికి ఎల్పీజీ టార్చ్: సిలిండర్ ఎక్కడ పెట్టాలి?

నమస్కారమండీ. మాది విజయనగరం. మేడ మీద గదిలో వెండి పట్టీలు చేస్తాను. చిన్న బ్యూటేన్ టార్చ్ వేడి పెద్ద పట్టీలకు చాలట్లేదు. వెండి వేడిని చుట్టూ లాగేస్తుంది కదా, టంకం పారాలంటే ముక్కంతా కాగాలి. అందుకే ఎల్పీజీ టార్చ్ కొందామనుకుంటున్నా. వంట సిలిండర్ దీనికి వాడకూడదు కాబట్టి కమర్షియల్‌దే తీసుకుంటాను.

నా టెన్షన్ అంతా లీకేజీ గురించే. ఈ గ్యాస్ గాలికంటే బరువు, నేలమీదే పేరుకుంటుంది. మా కిటికీ నడుమెత్తులో ఉంది. గ్యాస్ మెట్ల మీదుగా కిందికి దిగితే అక్కడ అమ్మ, పిల్లలు ఉంటారు, వంటిల్లూ అక్కడే. గోడ అడుగున జాలీ పెట్టిస్తే సరిపోతుందా, లేక సిలిండర్ డాబా మీదే ఉంచి పైపు లోపలికి తేవాలా? ఎండకు పైపు పాడవదా? మంట వెనక్కి రాకుండా ఆపే వాల్వు రెగ్యులేటర్ దగ్గర బిగించాలా, టార్చ్ పిడి దగ్గరా?

ఇంట్లోనే పని చేసే కంసాలులెవరైనా ఉంటే, మీరెలా అమర్చుకున్నారో దయచేసి చెప్పండి.