భాండశుద్ధిలో భాండం ఏది?

ప్రశ్న:
పండుగ విందు దగ్గరపడుతోంది. ఇంటిల్లిపాదీ కలిసి వంటగదిని ఖాళీ చేసి, తుడిచి, మళ్లీ సర్దుకుందామని అనుకున్నాము. ఆ పని మొదలయ్యేలోగా అల్మారా తలుపు మీద వేమన పద్యంలోని ఒక పంక్తి రాసి అంటించాలని నా కోరిక. అది "భాండశుద్ధి లేని పాకమేల" అని నా మనసులో ఉండగా, ఇంట్లో పెద్దవారు మాత్రం "పాత్రశుద్ధి" అని చదువుతున్నారు. పైనున్న ఆత్మశుద్ధి దగ్గరా, కిందనున్న చిత్తశుద్ధి దగ్గరా ఎవరికీ తడబాటు లేదు. నడుమనున్న ఈ రెండక్షరాలే తేలడం లేదు. పెద్దలు చెప్పగలరు.

జవాబు:
వాడుకలో స్థిరపడిన పాఠం "భాండ" అనేదే. అయితే ఛందస్సు పట్టుకుని దీన్ని తేల్చడం కుదరదు. ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే కనుక, "భాండ" అన్నా "పాత్ర" అన్నా గురువూ లఘువూ వచ్చి హగణమే అవుతుంది. నాలుగో గణమైన "పాక"తో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన, చూసినా, పకారానికి భకారంతో మైత్రి ఉంది, పకారంతో సరేసరి. మీ పెద్దవారి చెవికి "పాత్ర" ఎక్కడా కుంటుపడలేదు కాబట్టే అది వారి నాలుక మీద నిలిచిపోయి ఉంటుంది.

మరొక జవాబు:
గణాలు సరిపోయినంత మాత్రాన అర్థం సరిపోయినట్లు కాదు. "పాత్ర" గిన్నె దగ్గరే ఆగిపోతుంది, "భాండం" అక్కడ ఆగదు. సంస్కృత నిఘంటువైన అమరకోశంలో, పలు అర్థాలున్న మాటలు చెప్పే నానార్థవర్గంలో ఈ మాటకు పాత్రతో పాటు గుర్రపు అలంకారం, వర్తకుని మూలధనం అనే అర్థాలు కూడా ఉన్నాయి. భాండాగారం అన్నప్పుడు మనకు తోచేది గిన్నెల గది కాదు, వస్తువులూ ధనమూ భద్రపరిచే చోటు. కాబట్టి భాండశుద్ధి అంటే ఇంట్లో ఉన్న సరుకంతా బయటికి తీసి చూసుకోవడమని నా గట్టి నమ్మకం. గిన్నెలు ఏ పూటకాపూట తోముతూనే ఉంటాము, విందుకు ముందు ప్రత్యేకంగా చేయవలసిన పని అది కాదు. అర వెనకమూలలో ఏడాదిగా కదలని డబ్బా, వాసన పోయిన పొడి, గడువు దాటిన సీసా, ఒకే వస్తువు మూడు చోట్ల సగం సగం విప్పి వదిలేసిన పొట్లాలు, వీటి సంగతి తేల్చకుండా వంట మొదలుపెడితే, పొయ్యి మీద ఒకటి మాడుతుండగా మరొకదాని కోసం వెతుక్కోవలసి వస్తుంది.

దానికి బదులు:
నానార్థవర్గం దాకా వెళ్లేముందు అమరకోశంలోనే ఉన్న వైశ్యవర్గం చూడవలసింది. రసవతి, పాకస్థానం, మహానసం అని వంటింటి పేర్లు చెప్పిన ఆ వర్గంలోనే, ఆవపనమైనదంతా భాండమనీ, పాత్రమనీ, అమత్రమనీ, భాజనమనీ ఒకే వరుసలో చెప్పారు. వంటింటి మాటల నడుమ కనబడే భాండాన్ని వదిలి వర్తకుని భాండాన్ని తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు. అయితే "ఆవపనం" అన్న మాటను కాస్త నిలిచి చూడండి. లోపల పోసి ఉంచేది ఆవపనం. అందువల్ల వేమన భాండం పొయ్యి మీది గిన్నె కన్నా నిల్వ ఉంచే డబ్బాకే దగ్గరని నేను అంటాను. డబ్బా శుద్ధికి గిన్నె శుద్ధి కన్నా ఎక్కువ ఓపిక కావాలి. అడుగున మిగిలిన పాతదాని మీద కొత్తది పోయకూడదు. కడిగిన తరువాత మూత అంచులో, మరలలో దాగిన తడి పూర్తిగా ఆరేవరకు ఆగాలి, లేకుంటే పొడి గడ్డకడుతుంది, బూజు పడుతుంది. ముందుగా డబ్బాలన్నిటినీ మూతలతో జతపరిచి, జత దొరకనివాటిని అప్పుడే పక్కకు తీసేస్తే అరలో సగం చోటు దానంతటదే తేలుతుంది.

మరొక జవాబు:
డబ్బాల మాట వచ్చింది కనుక వేమన్నదే మరో పద్యం గుర్తుచేయక తప్పదు. "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు." పేర్లు రాయని రెండు తెల్లటి డబ్బాలను పక్కపక్కన పెట్టుకున్న ప్రతి ఇంటికీ ఈ పద్యం కావాలి. ఇక్కడ రెండో పాదంలో చూ, జా అక్షరాలకు స్వరమైత్రి లేదు కదా అని కొందరు శంకిస్తారు. "చూడ", "జాడ" అని డకారంతో నడిచిన ప్రాసయతి అది, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం. ఆటవెలదికి ప్రాసయతి చెల్లుతుంది. పోలిక ఒకటే అయినవాటిని వేరుచేసి చూపడానికి, రెండో అక్షరం ఒకటే అయిన రెండు మాటలను ఎన్నుకోవడం ఎంత చక్కగా అమరిందో చూడండి! మీ తలుపు మీద ఈ పంక్తి అంటించమని నా సలహా.

దానికి బదులు:
మంచి పద్యమే కాని, అడిగినది అది కాదు. మూడు పాదాలనూ కలిపి చదివితే ఆచారానికి ఆత్మ, పూజకు చిత్తం ఏ స్థానంలో ఉన్నాయో పాకానికి భాండం ఆ స్థానంలో ఉంది, అంటే పని దేనిలో జరుగుతుందో అది శుద్ధంగా ఉండాలని. ఈ లెక్కన భాండం వండే గిన్నే అవుతుంది, డబ్బా కాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పని దేనిలో జరుగుతుందో అది అన్నప్పుడు, వంట జరిగేది వంటగదిలో కనుక గదినంతటినీ భాండమనవచ్చునా? గట్టు మీద రోజూ వాడని యంత్రాలన్నీ తీసి, ఏటికొకసారి వాడే పెద్ద గిన్నెలను పై అర నుంచి చేతికందే చోటికి దింపి, ఫ్రిజ్‌లో గాలి ఆడేంత చోటు వదిలాము. ఇదంతా భాండశుద్ధి కిందికే వస్తుందని నాకు అనిపిస్తోంది. ఈ రాత్రికి "భాండ" అనే రాస్తున్నాను. పెద్దవారు ఇంకా ఒప్పుకోలేదు.

జవాబు:
గదిని భాండమనడం సాగదీయడమే అవుతుంది. ఏది రాసినా "శుద్ది" అని మాత్రం రాయకండి. దకారం కింద ధకారపు ఒత్తు ఉండాలి. "భా" కూడా "బా" దగ్గరే ఆగిపోకుండా వత్తుతోనే రావాలి.