స్ట్రింగ్ క్వార్టెట్‌లో మినిమలిజం: దేన్ని పట్టుకుని వినాలి?

కొత్త_శ్రోత:
అమెరికన్ కంపోజర్ ఫిలిప్ గ్లాస్ మూడో స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా, ఇంకా పెద్దదైన చెల్లో కలిసి వాయించేది) ‘మిషిమా’ (1985) విన్నాను. బాగుంది గానీ మినిమలిజం అంటే ఇదేనట, అదే చిన్న ముక్క కొద్దికొద్దిగా మారుతూ మళ్లీ మళ్లీ వస్తుంటే దేన్ని పట్టుకుని వినాలో తెలియట్లేదు. కర్ణాటక సంగీతం కొంచెం తెలుసు, పాశ్చాత్యం కొత్త. ఇంకేం వినమంటారు? ఇప్పటి కంపోజర్లు మినిమలిజం నుంచి నిజంగా ఏమైనా తీసుకున్నారా, ఊరికే పేరు చెప్పుకుంటున్నారా?

మృదంగం_గది:
కర్ణాటకం తెలిస్తే సగం పని అయినట్టే. పాట ఎటు పోతుందా అని చూడకండి, లెక్క వినండి. గ్లాస్ 1960ల్లో పారిస్‌లో రవిశంకర్ సినిమా సంగీతానికి నొటేషన్ రాసిపెట్టేవాడు, తబలా విద్వాంసుడు అల్లా రఖా కూడా ఉండేవాడు, చిన్న చిన్న మాత్రలు కూడి పెద్ద ఆవర్తం (తాళంలో ఒక పూర్తి చుట్టు) ఎలా అవుతుందో అక్కడే పట్టుకున్నాడు. ఆ తర్వాతే ఒక ముక్కకి ఒక్కో స్వరం చేరుస్తూ, తీసేస్తూ పోయే పద్ధతి. గోపుచ్ఛ (పోనుపోను తగ్గే), స్రోతోవహ (పోనుపోను పెరిగే) యతులు విన్న చెవికి ఇది కొత్తేం కాదు. కాకపోతే మనలా అంతా వచ్చి సమం (తాళం మొదలయ్యే దెబ్బ) మీద పడుతుందని ఎదురుచూడకండి.

రైలు_పిచ్చి:
నన్నడిగితే ముందు ఇంకో మినిమలిస్టు స్టీవ్ రైష్ ‘డిఫరెంట్ ట్రెయిన్స్’ (1988) వినండి. రికార్డు చేసిన మాటల్లోని ఎత్తుపల్లాలనే స్వరాలుగా రాశాడు. ఆడవాళ్ల గొంతు వస్తే వయోలా, మగవాళ్లదైతే చెల్లో అదే పలుకు పలుకుతుంది. అమ్మానాన్నలు విడిపోయాక చిన్నప్పుడు న్యూయార్క్, లాస్ ఏంజిలిస్ మధ్య రైళ్లలో తిరిగాడు, అదే కాలంలో ఐరోపాలో ఉండుంటే యూదుడిగా తను ఎక్కాల్సిన రైళ్లు వేరు. రెండో భాగంలో నాజీలు యూదుల మీద జరిపిన మారణహోమం నుంచి బతికి బయటపడ్డవాళ్ల గొంతులు వినిపిస్తాయి. మాట మళ్లీ మళ్లీ ఎందుకొస్తుందో అక్కడ ఎవరూ చెప్పక్కర్లేదు.

విల్లు_తీగ:
పేరు చెప్పుకోవడం కాదండి. చాలావరకు క్రోనోస్ క్వార్టెట్ అనే అమెరికన్ వాద్య బృందం చలవ. మినిమలిజం మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన టెర్రీ రైలీ ఏళ్ల తరబడి అప్పటికప్పుడు వాయించడమే తప్ప రాయడం మానేస్తే, మళ్లీ కాగితం మీద రాయించింది క్రోనోస్ వయొలినిస్టు డేవిడ్ హారింగ్టనే. ‘డిఫరెంట్ ట్రెయిన్స్’ కూడా వాళ్ల కోసం రాసిందే. బ్రైస్ డెస్నర్, ది నేషనల్ రాక్ బ్యాండ్ గిటారిస్టు, ‘ఆహైమ్’ (2009) రాసింది కూడా వాళ్లకే. కరొలైన్ షా ‘ఆంత్రాక్ట్’ (2011) కూడా వినండి, పద్దెనిమిదో శతాబ్దపు కంపోజర్ హైడన్ మినుయెట్ (ఒక నృత్య గతి) ఒకటి విని రాసింది. తీగ మీద విల్లు ఒరిపిడి తప్ప స్వరమే లేని చోట్లు ఉంటాయి అందులో.

మృదంగం_గది:
షాని ఈ లెక్కలో వేయడం నాకు నచ్చలేదు. ఆమె హైడన్ వారసురాలు. డెస్నర్ విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను, ఆ దరువు సూటిగా రైష్ దగ్గర్నుంచి వచ్చిందే.