1950ల అమెరికన్ సినిమాలో ఇంటి మెట్లు, ఓడిపోయే తండ్రి: ఇంకో ఉదాహరణ కావాలి

ఇంట్లో పెత్తనం పోతుందన్న మగాడి భయాన్ని ఆనాటి హాలీవుడ్, డైలాగుల్లో కన్నా ఇంటి మెట్ల మీదే ఎక్కువ చూపించిందని సెమినార్ పేపర్ రాస్తున్నాను. 'రెబెల్ వితౌట్ ఎ కాజ్' (1955)లో సూటు మీద ఏప్రన్ కట్టుకున్న తండ్రి, కింద పడిన భోజనం ఎత్తుతూ మోకాళ్ల మీద ఉంటాడు, తర్వాత మెట్ల దగ్గర గొడవలో కొడుకు వైపు నిలబడలేకపోతాడు. 'బిగ్గర్ దాన్ లైఫ్' (1956)లో కార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందు వాడే టీచర్ ఇంట్లో నియంత అయిపోతాడు, చివరి కొట్లాటా మెట్ల దగ్గరే. బాగానే కుదిరింది అనుకుంటే మా గైడ్, రెండూ నికోలస్ రే తీసినవే, అది ఆయన శైలి, కాలం లక్షణం ఎలా అవుతుంది అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

డగ్లస్ సిర్క్ తీసిన 'రిటన్ ఆన్ ది విండ్' (1956) చూశాను, తండ్రి మెట్ల మీంచి పడి చనిపోతాడు, కానీ అది ఆయిల్ కోటీశ్వరుల బంగళా. 'ది ఇంక్రెడిబుల్ ష్రింకింగ్ మ్యాన్' (1957)లో బేస్‌మెంట్ మెట్లు కొండలా కనిపిస్తాయి, అయితే మనిషే చిన్నవాడైపోయే కథ కాబట్టి అది లెక్కలోకి రాదని మా గైడ్ అన్నారు. వెస్టర్న్‌లు, నోయిర్‌లు (చీకటి నేర కథల సినిమాలు) కూడా తిరగేశాను, మధ్యతరగతి ఇల్లే సరిగా దొరకలేదు.

1950-60 మధ్య, రే తీయని, మామూలు కుటుంబ కథలో, మెట్ల మీద తండ్రి లేదా భర్త పెత్తనం కూలిపోయే సీన్ ఏ సినిమాలో ఉంది?