అప్‌డేట్: ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కడిగాను
మధ్యాహ్నం పూట ఏసీ చల్లబడటం లేదు, గ్యాస్ అయిపోయిందేమో అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. గ్యాస్ కాదండీ, దుమ్ము! ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్) ఆఫ్ చేసి అవుట్‌డోర్ యూనిట్ పై మూత విప్పితే, కాయిల్ (వేడిని బయటికి వదిలే, సన్నటి రేకులున్న గొట్టాల చుట్ట) వెనక పావురాల ఈకలు, దుమ్ము కలిసి దుప్పటిలా పేరుకున్నాయి. ఇక వేడి బయటికి ఎలా పోతుంది? మెత్తటి బ్రష్‌తో రేకుల వెంబడి పైనుంచి కిందికి దులిపి, వైరింగ్ వైపు కవర్ కప్పి, మామూలు పైపుతో లోపలి నుంచి బయటికి నీళ్లు పట్టాను. ప్రెషర్ వాషర్ వాడితే రేకులు వంగిపోతాయని మీలో ఒకరు ఆపారు, బతికిపోయాను. (అయినా రెండు చోట్ల బ్రష్ గట్టిగా నొక్కి నేనే వంచేశాను, అది వేరే సంగతి.) బాగా ఆరాక ఆన్ చేస్తే పావుగంటలో గది చల్లబడింది. యూనిట్ గడగడ మోత మాత్రం తగ్గలేదు. స్టాండు మీద అదురు ఆపే రబ్బరు బుష్‌లు అరిగిపోయినట్టున్నాయి, ఆదివారం వాటి పని పట్టాలి.