నిజాంపేటలో పాత ఫ్లాట్: "ఏడాదిలో 15 శాతం పెరిగింది" అంటున్నారు, అసలు రేటు ఎలా తేల్చాలి?

టూబెడ్‌రూమ్_వేట:

హైదరాబాద్ నిజాంపేటలో 2014లో కట్టిన స్టాండలోన్ అపార్ట్‌మెంట్, స్టిల్ట్ ప్లస్ ఐదు. మూడో అంతస్తు, తూర్పు ముఖం, డాక్యుమెంటులో 1,200 అడుగులు, అన్‌డివైడెడ్ షేర్ (భవనం స్థలంలో ఈ ఫ్లాటు వాటా) 44 గజాలు, ఒక కారు పార్కింగ్. ఓనరు అడుగు 6,500 చెబుతున్నారు, అంటే 78 లక్షలు. కిందటేడు ఇదే కాంప్లెక్సులో 5,650కి ఇచ్చారని ఏజెంట్లు చెప్పారు. అదే అడిగితే, "సిటీలో ఏడాదికి 15 శాతం పెరిగిందని పేపర్లోనే వచ్చింది కదా" అంటున్నారు ఓనరు.

ఇంకో వార్తలో రిజిస్ట్రేషన్లు తగ్గాయని ఉంది. కొనేవాళ్లు తగ్గితే రేటు ఎలా పెరుగుతుంది? ఈ కాంప్లెక్సు వరకు ఏడాదిలో నిజంగా ఎంత పెరిగిందో తెలుసుకునే దారి ఉందా? లోను తీసుకునే కొంటాను.

లెక్కల_పుస్తకం:

ముందు ఆ 15 శాతం దేని మీద లెక్కో చూడండి. పేపర్లలో వచ్చే రిపోర్టుల్లో ఎక్కువ భాగం కొత్త ప్రాజెక్టుల బుకింగులవి. బిల్డర్ చెప్పే రేట్ల సగటు అది. పన్నెండేళ్ల పాత ఫ్లాటు రీసేల్ ఆ లెక్కలోకి రానే రాదు. కోకాపేటలో 50 అంతస్తుల టవర్ లాంచ్ అయితే సిటీ సగటు పైకి వెళ్తుంది, నిజాంపేట సందులోని ఫ్లాటుకు దానితో సంబంధం లేదు.

అమ్మకాలు తగ్గి సగటు పెరగడానికి మామూలు కారణం, అమ్ముడైన ఇళ్ల రకం మారడం. ఉదాహరణకు కిందటేడు 50 లక్షల ఫ్లాట్లు 60, కోటి రూపాయలవి 40 అమ్ముడయ్యాయనుకోండి. సగటు 70 లక్షలు. ఈ ఏడాది 50 లక్షలవి 30, కోటివి 45 అమ్ముడైతే సగటు 80 లక్షలు. సంఖ్య వంద నుంచి 75కి పడింది, సగటు 14 శాతం పెరిగింది, కానీ ఏ ఒక్క ఫ్లాటు ధరా రూపాయి మారలేదు. మీకు చూపించిన కటింగులో "సగటు" అని మాత్రమే ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి.

రిజిస్ట్రేషన్ లెక్కల్లో ఇంకో మెలిక ఉంది. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు సేల్ డీడ్ సాధారణంగా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టుబడి అనుమతి ప్రకారం ఉంది, నివాసం ఉండొచ్చు అని ఇచ్చే పత్రం) వచ్చే సమయానికి అవుతుంది. 2022లో బుక్ చేసినవాళ్లు 2025లో రిజిస్టర్ చేయించుకుంటే డీడ్‌లో ఉండేది 2022 నాటి రేటు. కాబట్టి బిల్డర్ నుంచి వచ్చే మొదటి అమ్మకాలు ఈ ఏటి మార్కెట్ చెప్పవు. రీసేల్ డీడ్లే చెబుతాయి.

సూచీలు చూడాలంటే రెండున్నాయి. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ రెసిడెక్స్ 50 నగరాలకు మూడు నెలలకోసారి వస్తుంది, హైదరాబాద్, విజయవాడ, విశాఖ అందులో ఉన్నాయి. లోన్ల కోసం బ్యాంకులు వేయించే వాల్యుయేషన్ల మీద ఒక సూచీ, కట్టుబడిలో ఉన్న ఇళ్ల మార్కెట్ ధరల మీద మరొకటి ఇస్తారు. మీకు కావాల్సింది మొదటిది. రిజర్వ్ బ్యాంక్ సూచీ రిజిస్ట్రేషన్ల డేటా మీద కడతారు. 2010-11 ఆధారంగా ఉన్న పాత శ్రేణిలోని పది నగరాల్లో హైదరాబాద్ లేదు. 2022-23 ఆధారంగా తెచ్చిన కొత్త శ్రేణిలోనే చేరింది. అందుకని హైదరాబాద్‌కు పదేళ్ల ఆర్‌బీఐ లెక్క అంటూ ఎవరైనా గ్రాఫ్ చూపిస్తే, అది ఎక్కడిదో అడగండి.

నెలల పోలిక కూడా జాగ్రత్త. మనవాళ్లలో చాలామంది మూఢంలో, ఆషాఢంలో రిజిస్ట్రేషన్ పెట్టుకోరు. 2024లో మే, జూన్ అంతా మూఢమే, మే 13న లోక్‌సభ పోలింగ్, జూలైలో ఆషాఢం. ఆ బలహీనమైన నెలలతో 2025ను పోల్చి "పుంజుకుంది" అనడం సరికాదు. 2023లో అధిక శ్రావణం జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా నడిచింది, 2024 ఆగస్టును దానితో పోల్చినా అంతే. రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం పెట్టే మార్కెట్ విలువలు పెంచే ముందు నెలలో ఆఫీసులు కిటకిటలాడతాయి, తర్వాతి నెల ఖాళీ. 2022 ఫిబ్రవరి 1 పెంపు అప్పుడూ జనవరి నెల అలాగే ఉబ్బింది. పన్నెండు నెలల మొత్తాన్ని అంతకుముందు పన్నెండు నెలల మొత్తంతో పోలిస్తేనే ఏమన్నా తెలుస్తుంది.

దస్తావేజు_మిత్ర:

మీ కాంప్లెక్సు రేటు మీ చేతిలోనే ఉంది. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి ఎన్‌కంబరెన్స్ (ఈసీ) సెర్చ్‌లోకి వెళ్లండి, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు అందులో కనిపిస్తాయి. డబ్బు కట్టక్కర్లేదు. డాక్యుమెంట్ నంబరుతో వెతికితే ఒక్క ఫ్లాటే వస్తుంది. మీకు కావాల్సింది కాంప్లెక్సు మొత్తం కాబట్టి గ్రామం, సర్వే నంబరు, ప్లాట్ నంబర్లతో వెతకండి. ప్లాట్ నంబర్లు ఓనరు లింకు డాక్యుమెంట్ల (ఇంతకుముందు చేతులు మారిన డీడ్ల) షెడ్యూలులో ఉంటాయి. "45, 46" అని, "45 & 46" అని, "45/పి" అని రకరకాలుగా ఎక్కిస్తారు, ఒక తీరులో దొరకనివి ఇంకో తీరులో దొరుకుతాయి. అన్నీ ప్రయత్నించండి.

వచ్చిన జాబితాలో సేల్ డీడ్లు మాత్రమే తీసుకోండి. గిఫ్ట్, రిలీజ్, పార్టిషన్, డెవలప్‌మెంట్ జీపీఏ వదిలేయండి. బిల్డర్ పేరు అమ్మకందారుగా ఉన్నవీ వదిలేయండి. మిగిలిన ప్రతిదానికీ తేదీ, విస్తీర్ణం, మార్కెట్ విలువ, ప్రతిఫలం (డీడ్‌లో చూపిన ధర) రాసుకోండి. ప్రతిఫలం సరిగ్గా మార్కెట్ విలువకు సమానంగా ఉంటే అది అసలు ధర కాకపోవచ్చు, ప్రభుత్వ విలువకే డీడ్ రాయించి ఉంటారు. అలాంటిది లెక్కలోకి రాదు.

ఇక అసలు కిటుకు. సేల్ డీడ్ తర్వాత అదే ఫ్లాటు మీద బ్యాంకు పేరుతో టైటిల్ డీడ్ల డిపాజిట్ (లోనుకు తాకట్టుగా పత్రాలు పెట్టిన) ఎంట్రీ ఉంటుంది, అందులో లోను మొత్తం కనిపిస్తుంది. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహ రుణానికి బ్యాంకులు ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదు, స్టాంపు ఖర్చు ఆ విలువలో కలపకూడదు. కాబట్టి లోనును 0.8తో భాగిస్తే, బ్యాంకు ఒప్పుకున్న కనీస విలువ తేలుతుంది. డీడ్‌లో 50 లక్షలు, లోను 48 లక్షలు అని ఉంటే, బ్యాంకుకు చూపిన అగ్రిమెంటు కనీసం 60 లక్షలది. సేల్ డీడ్ అయిన నెలా రెండు నెలల్లో ఎక్కిన ఎంట్రీనే వాడండి. రెండు మూడేళ్ల తర్వాత ఎక్కింది టాప్-అప్ గానీ ఇంకో బ్యాంకుకు మార్చుకున్నది గానీ అయి ఉంటుంది.

మీ ఓనరు కూడా డీడ్‌లో తక్కువ రాద్దాం, మిగతాది నగదు అంటే ఒప్పుకోకండి. స్థిరాస్తి అమ్మకంలో 20,000, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడే నిబంధన ఉంది. మీ వైపు నష్టం ఏమంటే, రేపు మీరు అమ్మినప్పుడు కొన్న ధరగా డీడ్‌లో ఉన్నదే లెక్కకొస్తుంది, ఆ నగదు కూడా మీ లాభం కిందికి వెళ్లి పన్ను పడుతుంది.

టూబెడ్‌రూమ్_వేట:

చాలా ఉపయోగపడింది అండీ. సర్వే నంబరుతో వెతికితే రీసేల్ డీడ్లు నాలుగు దొరికాయి.

2024 నవంబరు: రెండో అంతస్తు, 1,200 అడుగులు, డీడ్ 56 లక్షలు, లోను 52 లక్షలు.
2025 ఫిబ్రవరి: నాలుగో అంతస్తు, 1,200 అడుగులు, డీడ్ 67 లక్షలు, లోను 53.5 లక్షలు.
2025 మే: ఒకటో అంతస్తు, 1,200 అడుగులు, డీడ్ 45 లక్షలు, లోను లేదు. మార్కెట్ విలువా అంతే.
2025 ఆగస్టు: ఐదో అంతస్తు, 1,050 అడుగులు, డీడ్ 61 లక్షలు, లోను 48 లక్షలు.

వీటిని ఎలా కలపాలి?

వాల్యూయర్_కేపీహెచ్‌బీ:

మే నెలది తీసేయండి. నవంబరుదానిలో డీడ్ కాదు, లోను చూడాలి: 52ను 0.8తో భాగిస్తే 65 లక్షలు, అడుగు 5,417. ఇది కనీసం మాత్రమే, ఆ కొనుగోలుదారు 80 శాతం కంటే తక్కువ లోను తీసుకుని ఉంటే అసలు ధర ఇంకా ఎక్కువ. ఫిబ్రవరిది నమ్మదగ్గది, డీడ్, లోను రెండూ కుదురుతున్నాయి: అడుగు 5,583. ఆగస్టుదీ కుదిరింది: 5,810.

ఫిబ్రవరి నుంచి ఆగస్టుకు 4 శాతం తేడా. కానీ ఆగస్టుది చిన్న ఫ్లాటు. అదే కాంప్లెక్సులో చిన్న ఫ్లాటుకు అడుగు రేటు కొంచెం ఎక్కువ పలుకుతుంది, మొత్తం తక్కువ కాబట్టి కొనగలిగేవాళ్లు ఎక్కువ. మరోవైపు అది పై అంతస్తు, స్లాబు వేడి, లీకేజీ భయంతో రేటు కొంత తగ్గుతుంది. రెండూ దాదాపు చెల్లు. మూడు డీడ్లతో శాతాలు ఖచ్చితంగా చెప్పడం కుదరదు గానీ, ఏడాదికి 15 శాతం అనడానికి ఇక్కడ ఆధారం లేదు, 5 నుంచి 7 శాతం అంటే నేను ఒప్పుకుంటాను. ఇవాళ్టికి 5,900 దగ్గర పెట్టుకోండి: 70.8 లక్షలు. తూర్పు ముఖం, మధ్య అంతస్తు కాబట్టి 72 దాకా వెళ్లినా తప్పు లేదు.

భూమి వైపు నుంచి ఒకసారి సరిచూడండి. ఆ వీధిలో ఖాళీ ప్లాటు గజం 90,000 అనుకుంటే (మీరు అక్కడ అడిగి అసలు అంకె వేసుకోండి) 44 గజాలకు 39.6 లక్షలు. కట్టుబడి అడుగుకు 2,300 చొప్పున 27.6 లక్షలు. 60 ఏళ్ల ఆయుష్షులో 12 ఏళ్లు పోయాయి, 20 శాతం తరుగు తీస్తే 22.08. మొత్తం 61.7 లక్షలు. 70.8కి కొంటే దీని మీద 15 శాతం అదనం, 78కి కొంటే 26 శాతం. తయారుగా ఉన్న ఇల్లు, లిఫ్టు, పార్కింగ్, నీళ్లు అన్నిటికీ కలిపి 15 సబబే, 26 ఎక్కువ. 44 గజాల షేరు ఉండటం మాత్రం మంచి సంగతి. కొత్త హైరైజుల్లో 1,800 అడుగుల ఫ్లాటుకు 25 గజాలు కూడా రాని చోట్లు ఉన్నాయి. పాత ఇంటి విలువను ఏళ్ల తరబడి నిలబెట్టేది ఆ షేరే.

ధర కంటే ముందు చూడాల్సింది ఇంకోటి. 2014 నాటికి నిజాంపేట గ్రామపంచాయతీ. ఆ రోజుల్లో పంచాయతీ పర్మిషన్‌తో మూడంతస్తులకు అనుమతి తీసుకుని ఐదు వేసినవి ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. మీ భవనానికి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) శాంక్షన్ ప్లాన్ ఉందా, అందులో ఎన్ని అంతస్తులున్నాయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా అడగండి. లేకపోతే 2015 బీఆర్‌ఎస్ (అనుమతి లేని కట్టడాల క్రమబద్ధీకరణ పథకం) కింద దరఖాస్తు చేశారా చూడండి, దానికి 2015 అక్టోబరు 28 కటాఫ్. కోర్టు కేసుతో ఆగిన దరఖాస్తు రశీదు ఒక్కటే చేతిలో ఉంటే అన్ని బ్యాంకులూ లోను ఇవ్వవు. లోను రాని ఫ్లాటుకు కొనేవాళ్లు తగ్గుతారు, రేటూ తగ్గుతుంది. మీకు దొరికిన మూడు అమ్మకాలకు బ్యాంకులు డబ్బిచ్చాయి కాబట్టి కాస్త ధైర్యమే, అయినా మీ బ్యాంకు లీగల్ రిపోర్టు వచ్చేదాకా ఆగండి.

చెరువు, నాలా దూరం కూడా కొలిపించండి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక కొనేవాళ్లు మొదట అడుగుతున్నది ఇదే. పది హెక్టార్లు, ఆపై చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు, పది మీటర్ల కంటే వెడల్పు నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు బఫర్, అందులో కట్టకూడదు. హెచ్‌ఎండీఏ చెరువుల సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపులున్నాయి.

బెజవాడ_గజం:

ఆంధ్రాలో చూసేవాళ్లకు ఒక మాట. ఈసీ లెక్క ఇక్కడి రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోనూ ఇలాగే చేయొచ్చు. కాకపోతే 2025 ఫిబ్రవరి 1న మార్కెట్ విలువలు మారాయి. ఆ తేదీకి ముందూ వెనకా డీడ్లను పోలిస్తే, ప్రభుత్వ విలువకే రాయించిన డీడ్లు పెరిగినట్టు కనిపిస్తాయి, అసలు ధర కదలకపోయినా సరే. బ్యాంకు లోను ఉన్న డీడ్లనే నమ్మండి.

లెక్కల_పుస్తకం:

లోను కోణం ఒకటి మిగిలింది. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ అప్పిచ్చే వడ్డీ రేటు) 6.5 శాతం నుంచి 5.5కి దిగింది. 50 లక్షలకు ఇరవై ఏళ్ల ఈఎంఐ 9 శాతం దగ్గర 44,986, 8 శాతం దగ్గర 41,822. అంటే పాత ఈఎంఐతోనే ఇప్పుడు దాదాపు 53.8 లక్షలు అప్పు దొరుకుతుంది. ఓనర్లు ధర పెంచి అడగడానికి ఇదొక కారణం. ఆ మిగులు మీకు దక్కాలా, ఓనరుకా అన్నది మీ బేరంలో తేలుతుంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు మీ బ్యాంకు వాల్యుయేషన్ వేయించండి. వాళ్లు 70 లక్షలు అని తేల్చితే లోను 56 మించదు. 78కి ఒప్పుకుంటే చేతి నుంచి 22 లక్షలు, రిజిస్ట్రేషన్ 7.5 శాతం చొప్పున 5.85, మొత్తం 27.85 లక్షలు కావాలి. 71కి కుదిరితే 15, 5.33 కలిపి 20.33 లక్షలు. 50 లక్షలు, ఆపైన కాబట్టి ఒక శాతం టీడీఎస్ (ఓనరు తరఫున ముందే తీసి కట్టే ఆదాయపు పన్ను) మీరే మినహాయించి, ఆ నెల ముగిశాక 30 రోజుల్లో కట్టాలి. 71 లక్షలకు 71,000. అది ఓనరుకు ఇచ్చే మొత్తంలోంచే తీయాలి, మీ మీద అదనపు ఖర్చు కాదు. అగ్రిమెంటులో ఆ మాట, వాల్యుయేషన్ లేదా లీగల్ వల్ల లోను రాకపోతే అడ్వాన్సు తిరిగివ్వాలన్న మాట, రెండూ రాయించండి.